ముందు అవతలివారి మాట

పేజీ ఉండవలసిన చోట బూడిదరంగు పలక ఒకటి కనిపిస్తోంది. దాని మీద రెండే వాక్యాలు: "ఈ పేజీలోని సమాచారం ప్రజారోగ్యానికి హానికరమని గుర్తించి, చట్టప్రకారం తొలగించడమైనది. అభ్యంతరం ఉన్నవారు కింది మీట నొక్కవచ్చు."

మాస్టారు ఆ మీట నిన్ననే నొక్కారు. పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. అయినా పొద్దున్నుంచి ఆ తెర ముందే కూర్చుని, పేజీని మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తున్నారు. మీట ఎన్నిసార్లు నొక్కినా లిఫ్టు త్వరగా రాదని తరగతిలో పిల్లలను నవ్వించిన భౌతికశాస్త్రం మాస్టారు ఆయనే. ఆ సంగతి గుర్తుకు వచ్చి చేయి వెనక్కు తీసుకున్నారు. కాసేపటికి చేయి దానంతట అదే ముందుకు వెళ్ళింది.

వీధిలో ఆయనను ఋజువు మాస్టారు అంటారు. ఎవరు ఏ వింత చెప్పినా "ఋజువేది?" అని అడగడం ఆయన అలవాటు. ఉద్యోగ విరమణ తరువాత కూతురి సాయంతో ఇంటర్నెట్లో ఒక చోటు ఏర్పాటు చేసుకుని, జనం నమ్ముతున్న మాటలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెడుతూ వచ్చారు. ఆ రాతలకు ఒక పద్ధతి ఉంది. ముందు అవతలివారి వాదం ఉంటుంది. దాన్ని వెక్కిరింపుగా గాని, నీరుగార్చి గాని చెప్పరు. అవతలివాడు విని "అవును, నా మాట ఇదే" అని తల ఆడించేంత బలంగా చెబుతారు. ఆ తరువాతే ఖండన. అవతలివాడి మాట సరిగ్గా చెప్పలేనివాడికి దాన్ని కాదనే హక్కు లేదని ఆయన ఎందరో పిల్లలకు నేర్పారు. ఇప్పుడు పోయిన పేజీ కూడా అలా రాసినదే. మూర్ఛ వచ్చే పిల్లలకు మాత్రలు మాన్పించి మూలికల నూనె ముక్కులో వేసే వైద్యాన్ని గురించి.

వీధి తలుపు తోసుకుని దర్జీ పనిచేసే అమ్మాయి లోపలికి వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

"మాస్టారూ, మీ పేజీ ఏమైంది?"

"తీసేశారమ్మా. పొరపాటున. మళ్ళీ పెడతారు."

"ఎప్పుడు?"

"చూస్తున్నామన్నారు."

"మా అత్తయ్య అంతదాకా ఆగేలా లేదు. పాప మాత్రలు దాచేసింది."

మాస్టారు లేచి నిలబడ్డారు.

ఆ అమ్మాయి కూతురికి మూర్ఛ ఉంది. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. ఇంట్లో ఉండేది అత్తా, కోడలూ, పిల్లా. మాత్రల మీద అత్తకు మొదటినుంచీ గురి లేదు. గొడవ వచ్చిన ప్రతిసారీ కోడలు ఫోనులో మాస్టారు రాసిన పేజీ తెరిచి మొదటినుంచి చివరివరకు పైకి చదివేది. చదవడం పూర్తయ్యేసరికి అత్త ఏమీ అనకుండా పనిలో పడేది. అలా ఆ పేజీ ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ మధ్యవర్తిత్వం నెరపింది.

"రాత్రి మాత్ర పడిందా?"

"రాత్రిది వేశాను. పొద్దున వేద్దామని చూస్తే పట్టీ లేదు. అడిగితే 'గవర్నమెంటే తప్పని తేల్చాక ఇంకెక్కడి మాత్రలే' అంటోంది. ఎల్లుండి నూనె ఆయన దగ్గరికి తీసుకెళ్తుందట. అప్పటికి ఒంట్లో మాత్ర ఉండకూడదని చెప్పాడట."

"కొత్త పట్టీ కొంటే?"

"కొంటాను. వెయ్యాలిగా. నేను దుకాణంలో ఉంటే పిల్ల ఆవిడ ఒళ్ళో ఉంటుంది. నాయనమ్మ వద్దన్న మాత్రకి అది నోరు తెరవదు." ఆమె తన ఫోను ఆయన ముందు పెట్టింది. "ఇది చూడండి. పొద్దున్నే వచ్చింది."

అందులో బూడిదరంగు పలక ఫోటో ఉంది. పైన మాస్టారి పేజీ పేరు స్పష్టంగా కనిపిస్తోంది. కింద ఒక గొంతు సందేశం, నూనె ఆయన తాపీగా, తేనె పూసినట్టు మాట్లాడుతున్నాడు: "చూశారుగా అమ్మా. మనల్ని ఆడిపోసుకున్న పెద్దమనిషి రాతలు తప్పని ప్రభుత్వమే తేల్చేసింది. నేనేమీ అనను. ఆయన పాపం చదువుకున్నవాడు."

నూనె ఆయన పేజీ కూడా కొంతకాలం క్రితం ఈ చట్టం కిందే పోయింది. ఆ రోజు మాస్టారు సంతోషించారు. ఆ మనిషి మాత్రం ఊరుకోలేదు. ఫోను గుంపుల్లోకి మారి, రాయడం మాని, చెప్పడం మొదలుపెట్టాడు. చట్టానికి కళ్ళు మాత్రమే ఇచ్చారు. చెవులు ఇవ్వడం మరిచిపోయారు.

"మీరొచ్చి చెప్పండి మాస్టారూ. మీ మాటంటే ఆవిడకి ఎంతో కొంత…"

"వస్తాను. నువ్వు వెళ్ళి పిల్లను కనిపెట్టుకుని ఉండు. పేజీ తెప్పించుకుని వస్తాను."

ఆ అమ్మాయి గుమ్మం దాటకముందే ఆయన చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టారు. కాళ్ళకు తొడుక్కున్న చెప్పుల కోసమే వెతుకుతున్నానని ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

*

కూతురు పనిచేసే చోటికి రెండు బస్సులు మారాలి. ఎక్కిన బస్సు ప్రతి స్తంభం దగ్గరా ఆగుతున్నట్టనిపించి, మాస్టారు మధ్యలో దిగి కొంత దూరం నడిచారు; ఆ బస్సే ఆయనను దాటుకుని వెళ్ళిపోయింది.

కూతురిది అద్దాల భవనంలో ఉద్యోగం. కొత్త చట్టం వచ్చాక పుట్టిన ఉద్యోగం అది. తెర మీదికి వచ్చే రాతలనూ బొమ్మలనూ చూసి, "ఉంచు", "తొలగించు" అనే రెండు మీటల్లో ఒకటి నొక్కాలి. ఫోన్లు బయటి అరల్లో పెట్టి లోపలికి వెళ్ళాలి గనుక ఆమెతో మాట్లాడాలంటే భోజన విరామం దాకా కాపు కాయడమే మార్గం. కాపలా మనిషి ఆయనను పైనుంచి కిందికి చూసి, "ఇంటర్వ్యూకా పెద్దాయనా?" అని అడిగాడు.

"కాదు. అప్పీలుకు."

కూతురు మెడలో గుర్తింపు కార్డుతో కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చింది. తండ్రిని చూడగానే ఆయన మోచేయి పట్టుకుని మోటారు సైకిళ్ళు నిలిపే షెడ్డు వైపు నడిపించింది.

"ఇక్కడికి రావద్దన్నానుగా నాన్నా. కెమెరాలున్నాయి."

"నా పేజీ తీసేశారు."

"నిన్నే చెప్పారుగా. అప్పీలు పెట్టారు. వస్తుంది."

"అంత వ్యవధి లేదమ్మా." దర్జీ అమ్మాయి చెప్పినదంతా చెప్పారు. కూతురు వింటూ వింటూ కార్డు తాడును వేలికి చుట్టుకుంది.

"ఆ పేజీ మొదట్లో ఏముంది? మొదటి పేరా చెప్పండి."

ఆయనకు అది కంఠతా వచ్చు. "'ఈ మాత్రలు పిల్లలను మందకొడిగా చేస్తాయి. ఎంతకాలం మింగినా జబ్బు వేళ్ళతో పోదు. మూలికల నూనె ముక్కులో వేయించుకున్న ఎందరో పిల్లలు మాత్రలు మానేసి హాయిగా బడికి వెళుతున్నారు…'"

"చాలు."

"అది నా మాట కాదు. వాళ్ళ మాట. తరువాత 'ఇంతవరకు చెప్పినది వారి వాదం, ఇక పరీక్షిద్దాం' అని ఉంటుంది."

"తరువాతది మాకు కనిపించదు నాన్నా. తెర మీద పై ముక్కే వస్తుంది. కిందిది చూడాలంటే ఇంకో మీట నొక్కాలి. నొక్కితే ఆలస్యం. ఆలస్యమైతే మా పేరు పక్కన ఎర్ర చుక్క."

"సగం వాదన విని తీర్పు చెప్పేవాడిని ఏమంటారు?"

"ఉద్యోగి అంటారు."

మాస్టారికి నవ్వు రావలసింది గాని రాలేదు. అడగకూడదనుకుంటూనే అడిగారు. "నువ్వే తీశావా?"

షెడ్డు కప్పు మీద ఏదో పక్షి గోళ్ళ చప్పుడు చేస్తోంది.

"తెలీదు. నిన్న మూర్ఛవి చాలా వచ్చాయి. అన్నీ ఒకేలా ఉంటాయి. పేర్లు చూపించరు." కార్డు తాడు వేలినుంచి విప్పి, "వచ్చి ఉంటే నేనే తీసేసి ఉంటాను," అంది.

"నా వాక్యం గుర్తుపట్టవా నువ్వు?"

"ఇంట్లో అయితే గుర్తుపడతాను. అక్కడ వాక్యాలుండవు. పదాలుంటాయి. మాత్రలు, మానేసి, నూనె. మూడూ ఒక చోట కనిపిస్తే చెయ్యి వెళ్ళిపోతుంది."

"మరి మీ పైవాళ్ళతో ఒక మాట…"

"బంధువుల రాతల జోలికి పోతే ఉద్యోగం పోతుంది. చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు." ఆమె తండ్రి వైపు చూసింది. "మీరూ పెట్టారుగా సంతకం. ఈ చట్టం కావాలని. నూనె ఆయన పేజీ పోయిన రోజు మీ ముఖం చూడాల్సింది. పెళ్ళివారికి ఎదురెళ్ళినట్టు వీధంతా తిరిగారు."

"అది అబద్ధం గనుక పోయింది."

"పోయాక ఇద్దరి పలకా ఒకటే రంగు నాన్నా."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఒక పని చేయండి. తిరగేసి రాయండి. మీ తీర్పు పైన, వాళ్ళ మాట కింద. మళ్ళీ ఎవరూ ముట్టుకోరు."

"తీర్పు ముందు చెప్పి విచారణ తరువాత చేస్తే దాన్ని విచారణ అనరు."

"మీ ఇష్టం. బడిలో అయితే పిల్లలు గంట కొట్టేదాకా కూర్చుంటారు. బయట ఎవరూ కూర్చోరు." ఆమె గోడ గడియారం లేని ఆ షెడ్డులో గడియారం కోసం తలెత్తి చూసి, "వెళ్ళాలి," అంది. నాలుగు అడుగులు వేసి వెనక్కు తిరిగింది. "ఆ పిల్ల ఇంటికి ఇప్పుడే వెళ్ళండి. పేజీ కోసం ఆగకండి."

*

దర్జీ దుకాణం ఇంటి ముందుగదే. కోడలు మిషను మీద వంగి ఉంది. ఆయన రాగానే తలతోనే లోపలికి చూపించింది. లోపలి గదిలో అత్త కిటికీ కింద కూర్చుని ఒక చొక్కాకు గుండీలు కుడుతోంది. పక్కన రేకు డబ్బా నిండా రకరకాల గుండీలు. పిల్ల ఆమె మోకాలికి ఆనుకుని, గుండీలను రంగులవారీగా ఏరుతోంది. ఏరుతున్నది మధ్యలో మరిచి, మళ్ళీ మొదలుపెడుతోంది. బడికి పంపలేదు.

"రండి అన్నయ్యగారూ. మిమ్మల్ని పంపిస్తుందని తెలుసు. కూర్చోండి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. ఋజువు అడక్కుండా నమ్మండి."

ఆయన కూర్చున్నారు. కుర్చీ ఒక పక్కకు ఒరిగి ఆగింది.

"చెల్లెమ్మా, నా పేజీని పొరపాటున తీసేశారు."

"నూనె ఆయనా అదే అన్నాడు, ఆయనది పోయినప్పుడు."

"ఆయనది వేరు."

"పలక వేరుగా లేదే." ఆమె సూది ఆపలేదు. "ఈ చట్టం వచ్చిన రోజు గ్రంథాలయం మెట్ల మీద నిలబడి మీరు చెప్పింది నాకింకా గుర్తుంది. 'ఇక మీదట తీసేశారంటే అది అబద్ధమని అర్థం, మీరెవరూ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు' అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతిలో సంచీ ఉన్నా. నూనె ఆయన పేజీ పోయినప్పుడు నేను నోరెత్తానా? మీ మాటకు కట్టుబడి మాత్ర వెయ్యనిచ్చాను. ఇప్పుడు మీదే పోయింది. అదే కొలత పెట్టి చూశాను. మీకో టేపు, నాకో టేపా?"

ముందుగదిలో మిషను చప్పుడు ఆగిపోయింది.

మాస్టారు ఇంతకాలం ఎందరి వాదాల్లోనో పగుళ్ళు చూపించారు. ఈ వాదంలో పగులు కనిపించలేదు. తీసేసినదంతా అబద్ధమైతే తన రాత అబద్ధం. కాదంటే, నూనె ఆయన తన పేజీ కూడా నిజమేనంటూ ఆ పలకను పట్టుకుని ఊరేగవచ్చు. రెండు దారుల్లోనూ గోడే ఎదురవుతోంది; గోడ కట్టినది తానే.

"ఆ రోజు నేను చెప్పింది తప్పు," అన్నారు.

ఆమె తలెత్తింది.

"తీసేసినదంతా అబద్ధం కాదు. ఉంచినదంతా నిజమూ కాదు. తెలియక చెప్పాను."

"మరి ఏది ఏదో మాలాంటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"తల బద్దలు కొట్టుకోవాల్సిందే."

ఆమె పెదవి చివర చిన్నగా కదిలింది. "అయితే కొట్టండి. మీదే ముందు."

ఆయన కుర్చీని సరిచేసుకోబోయారు; అది రెండో పక్కకు ఒరిగింది. "ముందు నీ మాట నేను చెబుతాను. ఎక్కడ తప్పు చెప్పినా ఆపు."

ఆమె ఊ కొట్టింది.

"ఈ పిల్ల మాత్రలకు ముందు చురుగ్గా ఉండేది. ఇప్పుడు అన్నం కంచం ముందే కునుకు తీస్తోంది. నేర్చుకున్నది నిలవడం లేదు. బడిలో ఏదో పేరు పెట్టి ఉంటారు."

"మొద్దు అంటున్నారు," అంది పిల్ల, తలెత్తకుండా.

"ఇన్ని మింగినా మూర్ఛ పూర్తిగా పోయిందని ఎవరూ చెప్పడం లేదు. ఎన్నాళ్ళు మింగాలో చెప్పరు. డాక్టరు తలెత్తి చూడడు. నువ్వు నోరు తెరిచేసరికి తరువాతి మనిషిని పిలుస్తాడు. నూనె ఆయన దగ్గర కూర్చుంటే మీ భయం ఏమిటని అడిగాడు. మీరు చెప్పినంతసేపూ విన్నాడు. నీ చోట నేనున్నా, విన్నవాడి దగ్గరికే నా కాళ్ళు నడుస్తాయి."

సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది.

"ఇది మీ పేజీలో ఉన్నదేగా," అంది ఆమె. "కోడలు చదివేటప్పుడు అక్కడిదాకా చెవి పెట్టి వినేదాన్ని. తరవాతది వచ్చినప్పుడు గుండీలు ఏరుకునేదాన్ని. కానీ నా మాట ఒకడు ఇంత సవ్యంగా చెప్పాడు కదా అని, మిగతాదానికి ఎదురు చెప్పబుద్ధయ్యేది కాదు."

"ఇప్పుడు ఆ మిగతాది కూడా వింటావా?"

"వచ్చారుగా. చెప్పండి."

"మాత్రలకు ముందు మూర్ఛ ఎలా వచ్చేది?"

"వారం వారం. ఒక్కోసారి వారంలోనే రెండుసార్లు."

"ఇప్పుడు?"

ఆమె డబ్బాలో మరో గుండీ కోసం వెతికింది. "ఎండలు ముదిరినప్పుడు ఒకటి వచ్చింది. మళ్ళీ రాలేదు."

"మందకొడితనం ఉందన్నావు. నిజమే. దానికి మోతాదు మార్చవచ్చు, మాత్రే మార్చవచ్చు. అది డాక్టరు చేయాలి, మనం కాదు. ఒక్కసారిగా ఆపితే మాత్రం ప్రమాదం. మూర్ఛ మీద మూర్ఛ వచ్చి ఆగకపోవచ్చు. ఎల్లుండి దాకా ఆగే సంగతి కాదు ఇది. అందుకే వచ్చాను."

"నూనె ఆయనా ఇంత గట్టిగానే చెబుతాడు. ఎవరు గట్టిగా చెబితే వాళ్ళదే నిజమా?"

"కాదు. గట్టిగా చెప్పడం ఋజువు కాదు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగు: ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు?"

"మీరేం చూస్తే ఒప్పుకుంటారు?"

"మాత్రలు తప్పకుండా వేస్తున్నా మూర్ఛలు మునుపటిలాగే వస్తే, ఈ మందు ఈ పిల్లకు పని చేయలేదని నీ ఎదుటే ఒప్పుకుంటాను."

ఆమె దారాన్ని పంటితో కొరికింది. "ఆయన్ని ఒకసారి అడిగాను, తగ్గకపోతే ఎలాగని. తగ్గకపోతే మాత్రల విషం ఇంకా దిగలేదన్నమాట, అన్నాడు. తగ్గితే నూనె మహిమట."

"అటు పడినా ఆయనదే, ఇటు పడినా ఆయనదే."

"మా ఆయన పేకాట కూడా అలాగే ఆడేవాడు."

ముందుగదిలో కోడలు నవ్వు ఆపుకోవడం వినిపించింది. అత్త అటు ఒక చూపు విసిరి, గుండీల డబ్బాలోకి చేయి పెట్టింది. అడుగునుంచి మాత్రల పట్టీ బయటికి వచ్చింది. దానికి ఒక ఎర్ర గుండీ అంటుకుని ఉంది. ఇంతసేపూ పిల్ల ఏరుతున్నది ఆ డబ్బాలోనే.

"ఒకటే వెయ్యి. పొద్దునది కలిపి వేయకు," అన్నారు మాస్టారు.

"తెలుసు," అంటూ అత్త ఒక మాత్ర విప్పింది. పిల్ల నోరు తెరిచింది, నీళ్ళు తాగింది, మళ్ళీ గుండీల్లో పడింది. ఆమె పట్టీని తిరిగి డబ్బాలో వేసి మూత పెట్టింది. "మీరు చెప్పారని కాదు. పొద్దున్నుంచి దీని వేళ్ళు వణుకుతున్నట్టు నాకే అనుమానంగా ఉంది. ఇది ఇవాళ్టిది. రేపటి సంగతి రేపు. నేనింకా ఏమీ ఒప్పుకోలేదు."

"రేపు వస్తాను."

"రండి. కుర్చీ బాగుచేయించను."

*

మరునాడు కూతురు పనికి బయలుదేరబోతుండగా జవాబు వచ్చింది: "మీ అభ్యంతరాన్ని పరిశీలించాం. గుర్తించిన భాగాన్ని తొలగించడానికి అంగీకరిస్తే మీ పేజీని పునరుద్ధరిస్తాం." కింద రెండు మీటలు: సమ్మతి, అసమ్మతి. గుర్తించిన భాగం ఏదో చూడడానికి ఆయన కళ్ళద్దాలు తుడుచుకోనక్కర్లేకపోయింది. అవతలివారి మాట మొత్తం పసుపు రంగులో మెరుస్తోంది. "ఇంతవరకు చెప్పినది వారి వాదం" అన్న వాక్యం కూడా అందులోనే చేరింది.

"నొక్కండి నాన్నా," అంది కూతురు, చెప్పులు వేసుకుంటూ. "సగమైనా బతుకుతుంది."

"ఏ సగం?"

"నిజమైన సగం."

"రెండూ నిజమేనమ్మా. ఒకటి ఆ ఇంటివాళ్ళ భయం. రెండోది దానికి జవాబు. ప్రశ్న కొట్టేసి జవాబు ఒక్కటే ఉంచితే, పక్కవాడి పేపరు చూసి రాసినట్టుంటుంది."

"ప్రశ్న ఉంచితే నాలాంటిది తీసేస్తుంది." ఆమె గుమ్మంలో ఆగింది. "నిన్న మధ్యాహ్నం నుంచి కింది ముక్క చూపే మీట కూడా నొక్కి చదువుతున్నాను. సాయంత్రానికే ఎర్ర చుక్కలు పడ్డాయి. ఎన్నాళ్ళు చదవనిస్తారో తెలీదు."

ఆయన ఆమె తల మీద చేయి వేయబోయారు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

సమ్మతి మీట మీద ఆయన వేలు చాలాసేపు ఊగిసలాడింది. గదిలో నాలుగు మూలలకూ నడిచారు. కిటికీ మూశారు, ఉక్కపోసి మళ్ళీ తెరిచారు. ఎక్కడో, ఏ ఊళ్ళోనో ఎవరో ఒక తల్లి ఈ క్షణంలో అత్తకు చదివి వినిపించడానికి ఆ పేజీ తెరుస్తూ ఉండవచ్చు. ఆమెకు బూడిదరంగు పలక కంటే సగం పేజీ నయమా? ఆలోచనతో తేలేది కాదు. చూడవలసిన విషయం అది. చూడడానికి ఒక ఇల్లు మాత్రం అందుబాటులో ఉంది.

ఆయన వెళ్ళేసరికి అత్త మరో చొక్కా ముందేసుకుని ఉంది. డబ్బా పక్కనే ఉంది, మూత పెట్టి. "పొద్దునది వేశాను," అంది ఆమె, ఆయన అడగకముందే. "రాత్రిదాని సంగతి ఇంకా అనుకోలేదు."

"ఒకటి చదువుతాను. విని ఎలా ఉందో చెప్పు."

ఫోనులో పేజీ తెరిచి, పసుపు భాగం వదిలేసి, మిగిలినది ఆయన మొదటినుంచి చివరివరకు చదివారు. ప్రతి వాక్యమూ తాను రాసినదే. ప్రతి సంగతీ సరైనదే. అయినా చదువుతుంటే గొంతు తనకే పెళుసుగా వినిపించింది, తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చి గదమాయించే మనిషి గొంతులా. పిల్ల గుండీలు వదిలి ఆయన ముఖం వైపు చూసింది.

"ఎవరు రాశారిది?" అంది అత్త.

"నేనే."

"మీరు కాదు. మీరైతే నా మాట ఏది ఇందులో?"

"తీసేస్తేనే పేజీ ఉంచుతామంటున్నారు."

"నన్ను తీసేసి నాకే చెబుతారా?" ఆమె సూదిని గుడ్డలో గుచ్చింది. "ఇదే గనక మొదటి రోజు కోడలు చదివి ఉంటే, ఆ రోజే పట్టీ వీధిలో పడేసేదాన్ని."

ఒక ఇంటి అనుభవంతో సిద్ధాంతం కట్టకూడదని ఆయనకు తెలుసు. పది ఇళ్ళు చూడాలి, వంద చూడాలి. ఇంకెవరికైనా ఆ సగమే చాలేమో. కాని ఆయన చూడగలిగినది ఈ ఒక్క ఇల్లే. తెర మీద రెండు మీటలూ వెలుగుతూనే ఉన్నాయి. బొటనవేలితో అసమ్మతి నొక్కారు. పసుపు మెరుపు పోయి, బూడిదరంగు పలక వచ్చి నిలబడింది.

"అంటే ఇక మీ పేజీ రాదా?"

"రాదేమో. మళ్ళీ అడుగుతాను. మళ్ళీ కాదంటారు. మళ్ళీ అడుగుతాను."

ఆమె డబ్బా మూత తీసి, మాత్రల పట్టీ బయటికి లాగి, ముందుగది వైపు చేయి చాపింది. "ఇదిగోనే, నీ దగ్గరే పెట్టుకో. గుండీల్లో వెతకలేక చస్తున్నాను." కోడలు వచ్చి అందుకుంది, వెనక్కు వెళుతూ టేపు కొసతో కళ్ళు తుడుచుకుంది. "రేపు నూనె ఆయన దగ్గరికి వెళ్ళడం లేదు. డాక్టరు దగ్గరికి వెళదాం. నేనూ వస్తాను. మీరూ రావాలి అన్నయ్యగారూ. నా మాట ఆయనకు మీరే చెప్పాలి, నిన్న చెప్పినట్టే, మొదట్నుంచి. ఆయన తరవాతి మనిషిని పిలిచినా లేవకూడదు."

"లేవను."

"ఆయన మందు మార్చనంటే మళ్ళీ మాట్లాడుకోవాలి మనం."

"మాట్లాడుకుందాం."

ఆమె సూది చేతిలోకి తీసుకుంది గాని కుట్టలేదు. ఏదో లెక్క తెగనట్టు ఆయన చేతిలోని ఫోను వైపే చూస్తోంది.

"మా ఇంటికైతే మీరు నడిచొచ్చారు," అంది. "నడవలేనంత దూరం ఇళ్ళుంటాయిగా. నాలాంటి మొండి ముండలు అక్కడా ఉంటారుగా. ఆ మీట నొక్కి వాళ్ళ సంగతి ఏం చేశారు మీరిప్పుడు?"

అవతలివారి మాట ఆయనకంటే ఆమే బాగా చెప్పింది. మాస్టారు జవాబు కోసం ముందుకు వంగారు. కుర్చీ ఒక పక్కకు ఒరిగింది, మళ్ళీ రెండో పక్కకు ఒరిగింది.